మందు వేస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ వస్తోంది: పొదుగువాపుపై ఒక పాడి రైతుకు జవాబు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులున్నాయి, పాల మీదే ఇల్లు గడుస్తుంది. వాటిలో మూడో ఈత ఆవుకు ఈనిన నెల నుంచీ కుడివైపు వెనక చన్ను వాస్తోంది. పాలు నీళ్లలాగా, మధ్యమధ్యలో తునకలుగా వస్తున్నాయి. ఊళ్లో సూదులు వేసే ఆయన రెండు రోజులు సూది వేస్తే వాపు దిగి పాలు తెల్లబడతాయి. పదిహేను రోజులకు మళ్లీ మొదటికే వస్తుంది. ఇది మూడోసారి. ఆవు మేత తింటోంది, జ్వరం లేదు. ఆ చన్ను పాలు పాల సేకరణ కేంద్రానికి పొయ్యకుండా దూడకు తాగిస్తున్నాం. మొన్న కేంద్రంలో మా పాలు మరిగించి చూసి విరిగాయని తిప్పి పంపారు. ఇంకో ఆవు పాలు కూడా తగ్గినట్టు అనిపిస్తోంది, దాని పొదుగు మాత్రం బాగానే ఉంది. మా అత్త దిష్టి అంటోంది, పక్కింటివాళ్లు కలబంద పుయ్యమంటున్నారు, పితికే మిషన్ కొంటే ఈ బాధ పోతుందని ఇంకొకరు చెబుతున్నారు, మా ఆయన ఆవును అమ్మేద్దామంటున్నారు. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మంచి మందు పేరు చెప్పండి.

జవాబు: అమ్మా, మీరు మందు పేరు అడిగారు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. మీ ఆవుకు ఇప్పటికే మందులు పడ్డాయి, కానీ ఆ చన్నులో ఉన్న క్రిమి ఏదో ఒక్కసారి కూడా పరీక్ష చేయించినట్టు లేదు. ఇప్పుడు నేను ఇంకో మందు పేరు చెప్పి, మీరు అదీ రెండు రోజులు వేయిస్తే మళ్లీ పదిహేను రోజులు బాగుంటుంది, అంతే. ఈసారి పని వేరుగా చేద్దాం.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. మీ ఆవు మేత తింటోంది, జ్వరం లేదు అన్నారు కాబట్టి మనకు పరీక్ష చేయించుకునేంత వ్యవధి ఉంది. అన్ని పొదుగువాపులూ ఇలా వ్యవధి ఇవ్వవు. ఉదయం బాగానే పాలిచ్చిన ఆవు సాయంత్రానికి మేత ముట్టకుండా, చెవులు చల్లబడి, కళ్లు లోపలికి పోయి, పాలకు బదులు పసుపు రంగు నీళ్లలాంటివి వస్తూ, లేవలేక పడిపోయిందంటే అది చాలాసార్లు ఈ.కోలై లాంటి పేడలో ఉండే క్రిముల పని. వాటి విషం ఒళ్లంతా పాకి ఆవును పడగొడుతుంది. చన్ను చల్లబడి నీలంగా మారినా అంతే ప్రమాదం. అలాంటప్పుడు ఒక్క పూట కూడా ఆగొద్దు. 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, అది దొరక్కపోతే దగ్గర్లోని డాక్టర్‌ని రాత్రయినా సరే తీసుకురండి. అక్కడ ఆవు ప్రాణం నిలిపేది ముందుగా సెలైన్, వాపూ నొప్పీ తగ్గించే మందు. యాంటీబయాటిక్ ఆ తర్వాతే. ఈనిన మొదటి రోజుల్లోనూ, వానలకు కొట్టం బురదగా ఉన్నప్పుడూ ఇది ఎక్కువగా వస్తుంది, కాబట్టి మిగతా మూడు ఆవుల విషయంలోనూ ఈ లక్షణాలు గుర్తుంచుకోండి.

ఇక మీ ఆవు సంగతి. ఒకే చన్ను వాయడం, తగ్గి మళ్లీ రావడం, జ్వరం లేకపోవడం, మధ్యలో పాలు మామూలుగా కనిపించడం, ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం స్టెఫలోకాకస్ ఆరియస్ అనే క్రిమి మీదకు పోతోంది. అనుమానమే, పరీక్ష చేస్తేనే ఖాయం. ఈ క్రిమి పాల గ్రంథుల్లో చిన్న చిన్న చీముగడ్డలు కట్టుకుని, చుట్టూ గట్టి పొర పేరుకున్నాక దాని లోపల బతుకుతుంది. కొన్నయితే తమను చంపడానికి వచ్చిన తెల్ల రక్తకణాల లోపలే దాక్కుంటాయి. మందు అక్కడిదాకా సరిగ్గా చేరదు. రెండు రోజుల సూదికి పైపైన ఉన్న క్రిములు చస్తాయి, వాపు దిగుతుంది, పాలు తెల్లబడతాయి. తగ్గిందనుకుని ఆపేస్తాం. లోపల మిగిలినవి మళ్లీ పెరుగుతాయి. ఇలా తిరగబెట్టిన ప్రతిసారీ కొంత పాల గ్రంథి చచ్చిపోయి అక్కడ గట్టి కండ ఏర్పడుతుంది. ఆ భాగం ఇక పాలివ్వదు. పాలు తీసేశాక, పొదుగు ఖాళీగా ఉన్నప్పుడు ఆ చన్ను పైభాగాన్ని అరచేత్తో మెల్లగా నొక్కి, మిగతా మూడింటితో పోల్చి చూడండి. లోపల గడ్డల్లాగా తగిలితే నష్టం ఎంతవరకు వచ్చిందో మీ చేతికే తెలుస్తుంది.

ఒకవేళ అది స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అనే క్రిమి అయితే సరైన మందుకు బాగా లొంగుతుంది, పూర్తిగా నయం చెయ్యొచ్చు. చన్నులోకి శుభ్రం లేకుండా మందు ట్యూబులు ఎక్కించినందువల్ల చేరిన ఈస్ట్ అనే శిలీంధ్రం అయితే యాంటీబయాటిక్ అసలు పనే చెయ్యదు, వేసేకొద్దీ ముదురుతుంది కూడా. చూశారా, బయటికి కనిపించే వాపు ఒకటే, దారులు మూడు. అందుకే పరీక్ష చేయించమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ పరీక్షను కల్చర్, సెన్సిటివిటీ అంటారు. క్రిమి ఏదో, అది ఏ మందుకు లొంగుతుందో రెండూ తెలుస్తాయి. మీకు తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది. జిల్లాల్లో పశుసంవర్ధక శాఖ వారి వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలూ ఉన్నాయి. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల కళాశాలలకు దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ అడగవచ్చు. ముందు మీ మండలం పశువైద్యశాలకు వెళ్లి, శాంపిల్ ఎక్కడికి పంపాలో కనుక్కుని, స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) సీసా అడిగి తీసుకోండి.

శాంపిల్ తీసే పద్ధతి తప్పితే రిపోర్టులో మీ చేతి మీది క్రిమి వస్తుంది, పొదుగులోది రాదు. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. చన్ను తుడిచి, మొదటి మూడు నాలుగు ధారలు ఒక గిన్నెలోకి తీసి పారబొయ్యండి. స్పిరిట్‌లో ముంచిన దూదితో చన్ను కొనను రుద్దండి. దూదికి మురికి అంటితే పారేసి ఇంకోటి తీసుకోండి, దూది తెల్లగా వచ్చేదాకా. ఆ తర్వాత సీసాను నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకుని రెండు మూడు ధారలు పట్టండి. నిటారుగా పెడితే పొదుగు మీది వెంట్రుకలు, దుమ్ము అందులో రాలతాయి. వెంటనే మూత బిగించి, ఐసు ముక్కల మధ్య పెట్టి అదే రోజు చేర్చండి. ముఖ్యమైన సంగతి, శాంపిల్ తీసేది యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు. ఈ మధ్యే సూది పడి ఉంటే ఏ రోజు పడిందో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన రెండో ఆవు నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. పొదుగు బాగానే ఉంది, పాలు మాత్రం తగ్గాయి. ఇది లోలోపల ఉండే పొదుగువాపు కావచ్చు. వాపు ఉండదు, నొప్పి ఉండదు, పాలు చూడ్డానికి తెల్లగానే ఉంటాయి. కానీ ఆ పాలలో చక్కెర, కేసీన్ అనే మాంసకృత్తు తగ్గి ఉప్పు పెరుగుతుంది, మరిగిస్తే విరిగే అవకాశం ఉంటుంది. కేంద్రంలో మీ పాలు విరిగింది మొదటి ఆవు వల్లే అని ఎలా చెప్పగలం? ఆ చన్ను పాలు మీరు కేంద్రానికి పొయ్యడం లేదు కదా.

దీన్ని కనుక్కోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. పశువుల మందుల షాపుల్లో నాలుగు గుంతల ప్లేటు, ఒక ద్రావణంతో కలిపి సి.ఎం.టి. (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) కిట్ అని దొరుకుతుంది. ఈ పద్ధతి 1957 నుంచి వాడుకలో ఉంది. అది దొరక్కపోతే అర లీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు చాలు. మొదటి ధారలు తీసేశాక ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంతలో కాస్త పట్టి, పాలెన్ని ఉన్నాయో అంతే సబ్బు నీళ్లు పోసి, ప్లేటును నిమిషం పాటు గుండ్రంగా తిప్పండి. పాలు పలచగా, తేలిగ్గా కదిలితే ఆ చన్ను బాగున్నట్టు. చిక్కబడి, జిగురుగా, కోడిగుడ్డు తెల్లసొనలా సాగితే లోపల జబ్బు ఉన్నట్టే. జబ్బు ఉన్న పాలలో తెల్ల రక్తకణాలు లక్షల్లో ఉంటాయి, సబ్బు వాటిని పగలగొట్టినప్పుడు బయటికొచ్చే పదార్థమే ఆ జిగురు. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో ఈ కణాలు మిల్లీలీటరుకు 2 లక్షల లోపే ఉంటాయి. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ బాగున్న చన్ను కూడా జిగురు చూపిస్తుంది, అప్పుడు కంగారు పడొద్దు.

నాలుగు ఆవులూ, పదహారు చన్నులూ ఒకే రోజు చూడండి. ఒక నోటు పుస్తకంలో ఆవు పేరు, చన్ను, ఫలితం రాసుకోండి. ఆ తర్వాత నెలకోసారి. పాల రైతు చేయగలిగిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభమిచ్చేది ఇంకోటి లేదని నేను నమ్ముతాను.

చికిత్స గురించి. రిపోర్టు వచ్చాక డాక్టర్ మందు నిర్ణయిస్తారు. చన్నులోకి ఎక్కించే ట్యూబులు, అవసరమైతే సూదులు కూడా ఇస్తారు. ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ పడాలి. రెండో రోజుకే పాలు తెల్లబడినా సరే, ఆపకండి. ఇందులో మీరు మొండిగా ఉండాలి.

ట్యూబు ఎక్కించడం మాత్రం డాక్టర్ దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి. ముందు ఆ చన్ను పాలు పూర్తిగా తీసెయ్యాలి. కొనను స్పిరిట్ దూదితో శాంపిల్‌కు చేసినట్టే శుభ్రం చెయ్యాలి. ట్యూబు ముక్కు మొత్తం లోపలికి తొయ్యకూడదు, కొస మాత్రమే రంధ్రంలో పెట్టి మందు నొక్కాలి. లోపలిదాకా తోస్తే రంధ్రం గోడలకున్న రక్షణ పొర చెడిపోతుంది, బయటి క్రిమి కూడా లోపలికి పోతుంది. ఒక ట్యూబు ఒక చన్నుకే. సగం దీనికి, సగం దానికి వద్దు. పాలు రావడం లేదని పుల్లలూ సూదులూ చన్నులోకి దూర్చడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి ఎవర్నీ అలా చెయ్యనివ్వకండి. బాగుపడే చన్ను కూడా దాంతో పోతుంది.

ఆ చన్ను పాలు రోజుకు రెండుసార్లు కాకుండా వీలైనన్ని సార్లు తీసెయ్యండి. క్రిములు, వాటి విషం పాలతో పాటు బయటికి పోతాయి. పొదుగు వేడిగా, ఎర్రగా ఉన్నప్పుడు చల్లటి నీళ్లు కొట్టండి, వేడి కాపడం వద్దు. గట్టిగా పిసికి మర్దన చెయ్యొద్దు. నొప్పికి డాక్టర్లు ఎక్కువగా మెలాక్సికామ్ రాస్తారు. షాపువాళ్లు చవగ్గా ఉందని డైక్లోఫెనాక్ ఇస్తే తీసుకోకండి. ఆ మందు పడి చచ్చిన పశువుల్ని తిన్న రాబందులు దేశమంతటా అంతరించే స్థితికి వచ్చాయి. పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ మందుల్నీ 2023లో ఆపేశారు.

పక్కింటివాళ్లు చెప్పిన కలబందను నేను కొట్టిపారెయ్యను. తమిళనాడు పశువైద్య శాస్త్రవేత్తలు సంప్రదాయ వైద్యాన్ని పరిశీలించి రూపొందించిన ఒక పూతను జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా రైతులకు చెబుతోంది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బితే ఎర్రటి ముద్ద అవుతుంది. ఒక గుప్పెడు ముద్దలో కొంచెం నీళ్లు కలిపి పలచగా చేసి, పాలు పూర్తిగా తీసి కడిగిన పొదుగంతా పుయ్యాలి. రోజుకు దాదాపు పదిసార్లు, కనీసం అయిదు రోజులు. దాంతో పాటు రెండు నిమ్మకాయలు కోసి తినిపించమంటారు. ముద్ద ఏ రోజుకారోజు తాజాగా చేసుకోవాలి. మొదటిసారి వచ్చిన చిన్న వాపుకు, కంటికి కనిపించని జబ్బుకు ఇది ప్రయత్నించదగ్గదే. రెండో ఆవుకు సబ్బు పరీక్షలో జిగురు వస్తే డాక్టర్‌ని అడిగి దీంతోనే మొదలుపెట్టొచ్చు. మళ్లీ మళ్లీ తిరగబెడుతున్న మొదటి ఆవుకు మాత్రం పూత ఒక్కటే నమ్ముకోవద్దు, చికిత్సకు తోడుగా పెట్టుకోండి. పితికే ముందు పూత పూర్తిగా కడిగి తుడవాలి, లేకపోతే పసుపు పాలలో పడుతుంది.

ఇప్పుడు దూడ. ఆ పాలు దూడకు తాగించడం ఈ రోజే ఆపండి. మీరు పాలు వృథా కాకూడదని చేశారు, అర్థమవుతుంది. కానీ ఆ క్రిములు, మందు కలిసిన పాలు దాని కడుపులోకి పోతాయి. పెయ్యదూడ అయితే ఇంకో ప్రమాదం ఉంది. దూడలు ఒకదాని చన్నులు ఒకటి చీకుతాయి. జబ్బు పాలు తాగిన నోటితో ఇంకో పెయ్య చన్నును చీకితే క్రిమి అక్కడ చేరి, అది మొదటి ఈత ఈనినప్పుడే చెడ్డ చన్నుతో ఈనుతుంది. ఆ పాలు దూరంగా గుంతలో పోసి మన్ను కప్పండి. కొట్టం నేల మీద పారబొయ్యకండి.

మరిగించి ఇంట్లో వాడుకోవచ్చా అని మీరు అడగలేదు కానీ చాలామంది అడుగుతారు. వద్దు. స్టెఫలోకాకస్ పాలలో వదిలే విషం మరిగించినా పోదు. మందు అవశేషాలు కూడా మరిగిస్తే పోతాయన్న నమ్మకం లేదు. మందు వేసినన్ని రోజులూ, ఆ తర్వాత ట్యూబు పెట్టె మీద రాసిన గడువు తీరేదాకా ఆ ఆవు నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పొయ్యకూడదు. మందు ఒక చన్నులో ఎక్కించినా రక్తం ద్వారా మిగతా వాటిలోకీ వస్తుంది. ఆ పాలు తోడు పెడితే పెరుగు సరిగ్గా తోడుకోదు, ఎందుకంటే తోడులో ఉండే మంచి క్రిముల్ని కూడా మందు చంపేస్తుంది. మీ డబ్బా పాలు కేంద్రంలో ఊరందరి పాలలో కలుస్తాయి, పసిపిల్లలు తాగుతారు. ఆ కొద్ది రోజుల నష్టం మీకు కష్టమే, అయినా భరించాల్సిందే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. స్టెఫలోకాకస్ లాంటి క్రిమి ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు గాలిలో పోదు. పితికే చేతితో, తుడిచే గుడ్డతో, దూడ నోటితో, ఈగలతో పోతుంది. అంటే రోజుకు రెండు పూటలా పాలు తీసే ఆ కాసేపట్లోనే రోగం పాకుతుంది, అక్కడే ఆపగలం కూడా. మీ ఇంట్లో పాలు ఎవరు తీస్తారో రాయలేదు. ఎవరు తీసినా ఇవి పాటించమనండి.

మొదట ఆవుల వరుస మార్చండి. మొదటి ఈత ఆవులు, బాగున్న ఆవులు ముందు. సబ్బు పరీక్షలో జిగురొచ్చిన ఆవు ఆ తర్వాత. వాపున్న ఆవు అన్నిటికంటే చివర. ఆవుకూ ఆవుకూ మధ్య సబ్బుతో చేతులు కడగాలి. చేతులకు పగుళ్లు, పుండ్లు ఉన్నవాళ్లు మానేదాకా పితక్కపోవడం మంచిది, స్టెఫలోకాకస్ అలాంటి చోట్లే ఉంటుంది.

పొదుగంతా బకెట్ నీళ్లు కుమ్మరించి తడి చేతులతోనే పితకడం మన దగ్గర బాగా అలవాటు. పైనుంచి కారే మురికి నీళ్లన్నీ చన్ను కొనకే చేరతాయి. పొదుగు మరీ మురికిగా ఉంటే తప్ప చన్నుల్ని మాత్రమే కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ఒక ఆవుకు వాడిన గుడ్డ ఇంకో ఆవుకు వద్దు. పాత నూలు చీర ముక్కలు చేసి, వాడినవి రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరేస్తే చాలు. చేపు (పొదుగులోకి పాలు దిగడం) కోసం దూడను వదిలితే, కట్టేశాక చన్నులు మళ్లీ తుడవాలి. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గుడ్డ కట్టిన గిన్నెలోకి తియ్యండి. తునకలుంటే నలుపు మీద ఇట్టే కనిపిస్తాయి. నేల మీదకి కొట్టే అలవాటు ఉంటే మానండి. జబ్బు క్రిముల్ని ఆవు పడుకునే చోట మనమే చల్లినట్టవుతుంది.

బొటనవేలు మడిచి చన్నును దానికి అదిమి లాగే పద్ధతి వల్ల లోపల చర్మం నలిగి పుండ్లు పడతాయి. పిడికిలి నిండా చన్ను పట్టి, పైనుంచి కిందికి వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ తియ్యాలి. చేతికి పాలు, నూనె తడుపుకోవద్దు. చేపు వచ్చాక దాని ప్రభావం అయిదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది. ఆ లోపు పూర్తి చెయ్యాలి, మధ్యలో లేచి ఫోన్లు మాట్లాడొద్దు. పొదుగులో మిగిలిన పాలు క్రిములకు మంచి మేత. చేపుకు రోజూ సూది పొడిచే అలవాటు ఎవరైనా నేర్పితే ఒప్పుకోకండి.

పితకడం అయిపోయిన వెంటనే నాలుగు చన్నుల కొనలూ టీట్ డిప్ అనే క్రిములను చంపే మందులో ముంచాలి. ఈ ఒక్క పని ఒక్క పూట కూడా మానొద్దు. షాపుల్లో తయారుగా దొరుకుతుంది. లేదంటే 5 శాతం పావిడోన్ అయోడిన్‌లో కొంచెం గ్లిజరిన్ కలుపుకోవచ్చు, గ్లిజరిన్ వల్ల చన్నులు పగలవు. చిన్న కప్పులో పోసి ముంచండి. మిగిలింది మళ్లీ సీసాలో పొయ్యకండి. 1960లలో ఇంగ్లండ్‌లోని రీడింగ్ దగ్గరున్న పాడి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పొదుగువాపును అదుపు చేసే పద్ధతిని తయారుచేసినప్పుడు ఈ ముంచడాన్ని అందులో ముఖ్యమైన భాగంగా పెట్టారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే పాటిస్తోంది. పాలు తీశాక చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి కనీసం అరగంట పడుతుంది. ఆ సేపు ఆవు పడుకుంటే నేల మీది క్రిములు నేరుగా లోపలికి పోతాయి. అందుకని పచ్చిగడ్డి, దాణా పితికిన వెంటనే వెయ్యండి. తింటూ నిలబడి ఉంటుంది.

కొట్టం గురించి ఎక్కువ చెప్పను, పాడి చేసేవాళ్లకు తెలియంది కాదు. హెచ్‌ఎఫ్ సంకర ఆవుల పొదుగు పెద్దది, కిందికి వేలాడుతుంది, పడుకుంటే నేలకు ఆనుతుంది. పడుకునే చోట పొడిగా ఉండాలి. ఇసుక పరిస్తే అన్నిటికంటే మంచిది, తడి రంపపు పొట్టు, తడి ఊక క్రిముల్ని పెంచుతాయి. వాన రోజుల్లో పేడ తీశాక కొంచెం పొడి సున్నం చల్లండి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించండి, ఆ జబ్బుకు చన్నుల మీద వచ్చే పుండ్లతో పొదుగువాపు వెంటే వస్తుంది. ఖనిజ మిశ్రమం మానొద్దు. ఎండుగడ్డిలో విటమిన్ ఇ దాదాపు ఉండదు, చూడి చివరి నెలల్లో కొంతైనా పచ్చిమేత పడాలి.

మిషన్ ఇప్పుడు కొనకండి. దాని రబ్బరు గొట్టాలు ఒక ఆవు క్రిమిని ఇంకో ఆవుకు చేతికంటే వేగంగా అంటిస్తాయి. జబ్బు ఉన్న కొట్టంలోకి దాన్ని తెచ్చే ముందు జబ్బును వదిలించుకోవాలి.

ఈ ఆవుకు అసలైన అవకాశం పాలు ఎండగట్టే సమయంలో వస్తుంది. ఈనడానికి 60 రోజుల ముందు పాలు ఆపి, చివరిసారి పితికాక నాలుగు చన్నుల్లోనూ ఎండు ఆవుల కోసం ప్రత్యేకంగా ఉండే ట్యూబులు ఎక్కిస్తారు. పాలిచ్చే ఆవుకు వేసే ట్యూబులు వేరు, ఇవి వేరు. వీటి మందు వారాలపాటు లోపలే ఉంటుంది, పాలతో బయటికి పోదు, కాబట్టి లోతుగా దాక్కున్న క్రిముల్ని కూడా చాలావరకు అందుకుంటుంది. పాలిచ్చేటప్పుడు నయం కానివి అప్పుడు నయమయ్యే అవకాశం ఎక్కువ. అయితే పరీక్షలో అన్ని చన్నులూ శుభ్రంగా ఉన్న ఆవుకు కూడా భయంతో ఈ ట్యూబులు ఎక్కించొద్దు. అనవసరంగా వాడితే మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. అందుకే ఐరోపా సమాఖ్య ముందుజాగ్రత్త పేరుతో ఈ వాడకాన్ని 2022 నుంచి కట్టడి చేసింది. శుభ్రమైన చన్నులకు రంధ్రం మూసే సీలెంట్ ఒక్కటే సరిపోతుందేమో డాక్టర్‌ని అడగండి.

మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి, ఆమెకూ ఆవు బాధ చూడలేకే కదా. మిరపకాయలు, ఉప్పు ఆవు చుట్టూ తిప్పితే నష్టం లేదు. పొదుగు మీద మాత్రం కారం, బూడిద, పేడ లాంటివి పుయ్యనివ్వొద్దు. దిష్టి తీశామని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వెయ్యొద్దు.

అమ్మడం గురించి మీ ఆయన మాట తొందరపాటు కాదు, కానీ ఈ రోజు అవసరం లేదు. ఇప్పుడు ఒకసారి రిపోర్టు ప్రకారం పూర్తి చికిత్స, తర్వాత పాలు ఎండగట్టేటప్పుడు ఒకసారి. ఆ రెండూ చేశాక కూడా వచ్చే ఈతలో ఆ చన్ను మళ్లీ వాస్తే ఇక దాని మీద మందుల ఖర్చు పెట్టకండి. డాక్టర్ సలహాతో ఆ ఒక్క చన్నును పితక్కుండా ఎండగట్టి, మూడు చన్నుల పాలు తీసుకోవచ్చు. పొదుగు పెద్దదైతే మూడింటితోనూ ఇల్లు నెగ్గుకొస్తుంది. రెండో చన్నుకూ పాకితే మాత్రం మిగతా ఆవుల కోసం దాన్ని వదులుకోవాల్సిందే. అప్పుడు కొనేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మండి, వాళ్లదీ మీలాంటి కొట్టమే. దాని బదులు ఇంకో ఆవును కొనేటప్పుడు, బేరం ఎంత బాగున్నా డబ్బు చేతిలో పెట్టకముందే నాలుగు చన్నుల పాలూ సబ్బు నీళ్లతో పరీక్షించండి.

రిపోర్టు రాగానే మళ్లీ రాయండి. అందులో క్రిమి పేరుతో పాటు ఏయే మందులకు లొంగిందో, ఏవి పనికిరావో కూడా ఉంటుంది, మొత్తం ఫొటో తీసి పంపండి. మిగతా మూడు ఆవుల సబ్బు పరీక్షలో ఏ చన్ను జిగురు చూపిందో కూడా రాస్తే రెండో ఆవు విషయం అప్పుడు చూద్దాం.